బల్ల మీద ఖాళీ చోటు

కిందటి వారం మనం ఆగేసరికి వాన అందుకుంది. అయిదో ఇన్నింగ్స్ సగంలో ఉండగా మార్లో ఫెర్రీ మైదానం మీద ఆకాశానికి చిల్లు పడింది. పనివాళ్లు నీలం పట్టా ఈడ్చుకొచ్చి మట్టి తడవకుండా పరిచారు. జనమంతా స్టాండు కప్పు కిందికి చేరి, ఆవాల ముద్ద పూసిన సాసేజీలు తింటూ వానని తిట్టుకుంటున్నారు. మన పైలట్స్ బేస్‌బాల్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఆ సమయంలో నా రేడియో గది మెట్లు ఎవరో బరువుగా ఎక్కివస్తున్న చప్పుడయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మొదట్నుంచీ ఉన్నవాళ్లు ఈలోగా వేరుశనక్కాయలు వలుచుకోవచ్చు.

ఎల్డన్ హ్రుస్కా మా జట్టుకి పెద్ద దిక్కు. ఎడమచేతి పిచర్. వయసు ముప్పై దాటింది కానీ, అతను బంతి విసిరితే కుర్ర బ్యాటర్లు గాలిని కొట్టి వెనక్కి వెళ్లిపోవడమే. కిందటి నెలాఖరు ఆదివారం సొంత మైదానంలో ఆరు ఇన్నింగ్స్ దాకా అవతలివాళ్లలో ఎవ్వరినీ బంతి కొట్టి బేస్ చేరనివ్వలేదు, ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో తన వంతు ముగించి వస్తుంటే అంపైర్ బోడెన్ అందరినీ చూసినట్టే అతని గ్లవ్ కూడా తడిమి చూశాడు. బోడెన్ వేళ్లు గ్లవ్‌కి అతుక్కున్నాయి. బ్యాట్ చేతిలోంచి జారిపోకుండా బ్యాటర్లు పిడికి రాసుకునే నల్ల జిగురు అది. బ్యాటర్ రాసుకుంటే తప్పు లేదు. అదే పిచర్ దగ్గర దొరికితే మోసం, ఎందుకంటే జిగురు వేళ్లతో విసిరిన బంతి చెప్పినట్టు తిరుగుతుంది. బోడెన్ వేలు చూపించాడు, ఎల్డన్ బయటికి నడిచాడు. పది ఆటల నిషేధం పడింది.

మా లీగు పెద్దలకి ఒక దుర్మార్గపు రూలుంది. ఇలా నిషేధం పడినవాడి స్థానంలో ఇంకొకణ్ణి తీసుకోకూడదు. తప్పు ఒకడు చేస్తే శిక్ష జట్టంతా మొయ్యాలి. ఆ రూలు రాసినవాడు ఏనాడూ జట్టుతో పాటు బస్సులో ప్రయాణం చేసి ఉండడు. చేసి ఉంటే, ఒక మనిషి తక్కువైతే మిగతావాళ్ల భుజాలు ఏమవుతాయో వాడికి తెలిసేది.

నేను చూశాను. నేను వెర్న్ హాల్‌స్టెడ్‌ని, మార్లో ఫెర్రీ రేడియోలో ఆట చెప్పేవాణ్ణి. మిగతావాళ్లతో పాటు అదే బస్సులో, అదే విరిగిన సీట్లో తిరుగుతాను. ఎల్డన్ లేని రోజుల్లో ఒకరోజు రెండో, మూడో బేసుల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ చేత బంతి వేయించారు. మోచేయి నొప్పి అని డాక్టరు వద్దన్నవాణ్ణి ఇంకోరోజు దింపారు. ట్రాస్క్ అనే కుర్ర పిచరైతే విశ్రాంతి అన్న మాటే మర్చిపోయాడు. బస్సులో వాడు ఐసు మూట భుజానికి కట్టుకుని నిద్రపోతుంటే, ఐసు కరిగి నీళ్లు నా చెప్పుల్లోకి కారేవి. వరసగా ఓడాం. తర్వాతి రౌండుకి వెళ్లే పై నాలుగు జట్లలో దర్జాగా ఉన్నవాళ్లం కాస్తా అంచుకి వచ్చి వేలాడుతున్నాం. ఇవాళ గెలవాలి, రేపటి చివరి ఆటా గెలవాలి. ఇవాళ్టితో ఎల్డన్ నిషేధం అయిపోతుంది. రేపు బంతి అతనే వేస్తాడు.

ఊరు మాత్రం అతన్ని ఎప్పుడో వదిలేసింది. మంగలి రాండాల్ తన షాపులో ఉన్న ఎల్డన్ ఫోటోని గోడవైపు తిప్పి పెట్టాడు. తీసేయొచ్చు కదా అంటే, మేకు ఖాళీగా ఉంటే బాగుండదన్నాడు. జట్టువాళ్లు నోటితో ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన పని అంతకంటే ఘోరం. సాధన చేసేటప్పుడు అతని పక్కన నిలబడటం మానేశారు.

ఆట మొదలయ్యాక నిషేధం పడినవాడు ఆటగాళ్లు కూర్చునే బల్ల దగ్గరికి రాకూడదు, మైదానంలో కాలు పెట్టకూడదు. పెడితే శిక్ష రెట్టింపు. అందుకని ఎల్డన్ రోజూ నా గదిలోకి వచ్చి, మూల ఉన్న మడత కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను మైకులో వాగుతుంటే అతను కిటికీలోంచి కిందికి చూసేవాడు. ట్రాస్క్ వేసే ప్రతి బంతికీ అతని ఎడమ భుజం కొంచెం కదిలేది. అది చూసి రెండుసార్లు మైకు పక్కకి జరిపి దగ్గాను. శ్రోతలు జలుబనుకుని ఉంటారు.

అదీ సంగతి. ఇప్పుడు మెట్ల దగ్గరికి వెళ్దాం.

పైకి వచ్చింది రమీరో ఎస్పినాల్. మా క్యాచర్. ఎల్డన్ విసిరిన ప్రతి బంతినీ మూడేళ్లుగా పట్టినవాడు. మోకాళ్లకి కవచాలు అలాగే ఉన్నాయి, ముసుగు చంకలో ఉంది, జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. చేతిలో ఒక గుడ్డ ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉండాలి, ఇప్పుడు నల్లగా, గట్టిగా, చెక్కలా ఉంది.

నేను ముందు మైకు చూసుకున్నాను. ఆపే ఉంది. వాన పడితే స్టేషన్‌లో కుర్రది పోల్కా పాటలు వేస్తుంది. అయినా మళ్లీ ఒకసారి చూసుకున్నాను.

"వెర్న్ మావా, కాస్త బయటికెళ్తావా?" అన్నాడు రమీరో.

"ఈ వానలోనా? నా గదిలోంచి నన్నే పొమ్మంటావా?"

"ఉండనీ," అన్నాడు ఎల్డన్, కిటికీలోంచి తల తిప్పకుండా. "ముసలోడు మైకు లేకపోతే ఎవరికీ ఏమీ చెప్పడు. ఏంటి కథ? కింద నిన్ను వెతుకుతారు. నాతో మాట్లాడితే నీక్కూడా అంటుకుంటుంది."

రమీరో ఆ గుడ్డని నా బల్ల మీద పెట్టాడు. నా కాఫీ కప్పు పక్కనే. నేను కప్పు తీసేశాను.

"అన్నా, ఇది నాది," అన్నాడు. "నా జిగురు గుడ్డ."

"తెలుసు. రోజూ చూస్తాగా. దానికి వాసన కూడా ఉంది."

"ఆ రోజు నీ గ్లవ్ మీద పడింది ఇదే."

ఎల్డన్ అప్పుడు తల తిప్పాడు. అతని మొహం చూసి నాకు భయమేసింది. కోపం లేదు, ఏమీ లేదు. వినపడనివాడు పెదాలు చూసి మాట పోల్చుకోవడానికి ప్రయత్నిస్తాడే, అలా చూశాడు.

"మొదట్నుంచి చెప్పు," అన్నాడు.

"ఆరో ఇన్నింగ్స్‌లో నేను బ్యాటింగ్‌కి వెళ్లాలి. పిడికి జిగురు రాసుకున్నా. ఎప్పుడూ గుడ్డని నా పక్కనున్నవాడి ఒళ్లోకి విసిరేస్తా, వాడు నన్ను తిడతాడు, నేను వెళ్లిపోతా. అదీ అలవాటు. ఆ రోజు పక్కన ఎవడూ లేడు. అందరూ బల్ల అటు చివరికి జరిగిపోయారు. ఎందుకో నీకు తెలుసుగా."

ఎల్డన్‌కి తెలుసు. నాకూ తెలుసు. మార్లో ఫెర్రీలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పిచర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట నడుపుతుంటే అతని దగ్గరికి ఎవరూ పోరు. పలకరించరు. నీళ్ల సీసా అందించరు. 'హిట్ పడలేదు' అన్న మాట నోటితో అనరు. అంటే దిష్టి తగిలి ఆ వెంటనే హిట్ పడుతుందని మా నమ్మకం. రేడియోలో చెప్పే నేనూ ఆ రోజు 'హ్రుస్కా బాగా వేస్తున్నాడు' అన్నానే తప్ప అసలు మాట అనలేదు. బల్ల ఈ చివర అతనొక్కడూ, అతని పక్కన గ్లవ్, ఆ పక్కన నలుగురు కూర్చునేంత ఖాళీ. ఆ ఖాళీ అంతా గౌరవం. ఆ రోజు జట్టు అతనికి పెట్టిన దండం అది.

"ఖాళీగా ఉంది కదాని అటు విసిరేశా," అన్నాడు రమీరో. "చూడలేదన్నా. అమ్మ మీద ఒట్టు, చూడలేదు. ఔటై వెనక్కొచ్చి ముసుగు కోసం వంగితే అప్పుడు కనపడింది. గుడ్డ నీ గ్లవ్ మీద పడుంది. మణికట్టు దగ్గర పట్టీ ఉంటుందే, సరిగ్గా దాని మీద. బంతి వేసే ముందు నువ్వు ప్రతిసారీ వేళ్లతో ముట్టుకుంటావే, ఆ పట్టీ."

"గుడ్డ తీశావు."

"తీశా. కింద మరక ఉంది. నల్లగా, ఇంత."

"తుడవలేదు."

"గ్లవ్ ముట్టుకోకూడదు కదన్నా! అలాంటి ఆటలో నీ గ్లవ్ ముట్టుకునే మగాడెవడున్నాడు?"

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. రమీరో గొంతు పెంచాల్సి వచ్చింది.

"చెబ్దామని నీ దగ్గరికొచ్చా. రెండడుగుల దూరంలో నిలబడ్డా. నువ్వు నేలవైపు చూస్తున్నావు. నోరు తెరిచా. అటు చివరనుంచి గస్ నన్ను చూసి ఇలా వేలు పెట్టాడు, పెదాల మీద. అందరూ నా వంకే చూస్తున్నారు, చంపేస్తాం అన్నట్టు. మూసుకున్నా. ఒక్క ఇన్నింగ్స్ ఏమవుతుందిలే, తర్వాత గుడ్డ అడ్డం పెట్టి తుడిచేద్దాంలే అనుకున్నా. నా వల్ల నీకు దిష్టి తగిలిందన్న మాట రాకూడదనుకున్నా. అంతే."

గస్ అంటే గస్ లినెమన్, మా మేనేజరు. పొగాకు మానేసి పొద్దుతిరుగుడు గింజలు నమిలే మనిషి. ఆయనకి ఆ మరక సంగతి తెలీదు. క్యాచర్ మర్యాద తప్పుతున్నాడని మాత్రమే ఆయన అనుకుని ఉంటాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

ఎల్డన్ తన ఎడమచేతి వేళ్లు చూసుకున్నాడు.

"బంతి కొంచెం అంటుకుంటోందనిపించింది," అన్నాడు నెమ్మదిగా. "చేతికి రాసుకునే రోసిన్ పొడి, చెమట కలిసిందేమో అనుకున్నా. ఆ ఎండకి." ఉన్నట్టుండి నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు, కానీ వినడానికి బాగాలేదు. "విన్నావా ముసలోడా? బేస్‌బాల్ పుట్టినప్పట్నుంచీ ఇంత మర్యాదగా ఎవణ్ణీ ముంచి ఉండరు. నన్నెవడో ఇరికించాడని ఎన్ని రాత్రులు లెక్కలేశాను! ఒక్కొక్కడి మొహం తలుచుకుని, వీడా, వాడా అని. ట్రాస్క్‌ని కూడా అనుమానించాను, నా చోటు కావాలేమో అని. ఆ పసివెధవని!"

"నన్ను అనుమానించలేదా?"

"నిన్నా? లేదురా." ఆ మాట అంటూనే అతని గొంతు మారింది. "నిన్ను ఎందుకు అనుమానిస్తాను?"

రమీరో మొహం అటు తిప్పుకున్నాడు. నేను నా కప్పులోని చల్లారిన కాఫీ తాగాను. ఇద్దరు పెద్ద మనుషులు అలా నిలబడితే మూడోవాడు చూడకూడదు.

కోపం అప్పుడొచ్చింది ఎల్డన్‌కి. లేచిన ఊపుకి మడత కుర్చీ మూసుకుపోయి కింద పడింది.

"సరే, ఆ రోజు ఆట. ఆ రోజు నోరు మూసుకున్నావు, నేనైనా అదే చేసేవాణ్ణి. మర్నాడేమైంది? ఆ మర్నాడు? ఇన్ని రోజులు బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నావు కదరా! నేను కిటికీకి తల ఆనించుకుని కూర్చుంటే వెనక్కి తిరిగి ఒక్కసారి చెప్పలేకపోయావా? మా నాన్న ఫోన్ చేసి ఏమడిగాడో తెలుసా నీకు? ఒక్కటే అడిగాడు. 'రాసుకున్నావా' అని. లేదన్నాను. 'సరే' అన్నాడు. అంతే. అప్పట్నుంచి మైదానానికి రాలేదు."

ఎమిల్ హ్రుస్కాని నేనెరుగుదును. ఆల్డర్ రోడ్డు చివర మొక్కజొన్న వేస్తాడు. కొడుకు బంతి వేసే రోజున కోత కూడా ఆపి వచ్చి, మూడో వరసలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చునే మనిషి. ఇప్పుడు వంటింట్లో రేడియో పెట్టుకుని వింటున్నాడట. మా స్టేషన్ ఆల్డర్ రోడ్డు దాటి వినపడదు. ఆ చివర నన్ను వినేవాడు ఆయనొక్కడే అని నా నమ్మకం.

"మర్నాడు చెబ్దామనే వచ్చా," అన్నాడు రమీరో. "నువ్వు బట్టల గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నావు. ఎవరూ నీ పక్కన లేరు. సరిగ్గా ఆ ఆటలో ఉన్నట్టే. బల్ల చివర నువ్వొక్కడివి, చుట్టూ ఖాళీ. అక్కణ్నుంచే వెనక్కి తిరిగా. అదే రోజు గస్ అందరికీ చెప్పాడు, జిగురుతో సంబంధం ఉందని తేలితే పక్కవాడికీ ఇదే శిక్ష అని. రెండో క్యాచర్ బొటనవేలు విరిగి ఇంట్లో ఉన్నాడు. నేను కూడా పోతే ఎవడు పడతాడు బంతులు? గస్ పెళ్లామా? ఈ ఒక్క ఆట అయ్యాక చెబ్దాం అనుకున్నా. అది ఓడిపోయాం. ఇంకొకటి గెలిచాక అనుకున్నా. రోజు గడిచేకొద్దీ మాట బరువెక్కిపోయిందన్నా."

"ఇవాళ తేలికైందా?"

"ఇవాళ ట్రాస్క్ చెయ్యి పైకి లేవట్లేదు. వాడికి బంతి తిరిగిచ్చిన ప్రతిసారీ కళ్లలోకి చూస్తున్నా. ఏడుపాపుకుంటున్నాడు. నా గుడ్డ వల్ల అది." రమీరో ముసుగుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఇంకోటి. రేపు నువ్వు బంతి వేస్తావు. ప్రతి బంతికీ స్టాండంతా నీ వేళ్లవైపే చూస్తుంది. నువ్వు ఎంత బాగా వేస్తే అంత అనుమానిస్తారు. ఇవాళే చెప్పాలి. బోడెన్ ఇవాళ కూడా ఉన్నాడు, అతనికే చెప్తా. ముందు నీకు చెప్పాలని వచ్చా."

నేను ఎల్డన్ వైపు చూశాను. ఈ మనిషికి కావలసింది కాళ్ల దగ్గరికి నడిచివచ్చింది. ఒక్క 'సరే' అంటే చాలు. పేరు తిరిగి వస్తుంది, రాండాల్ షాపులో ఫోటో తిరుగుతుంది, మూడో వరసలో టోపీ వస్తుంది. నాకైతే బల్ల మీద ఎక్కి 'సరే అనరా' అని అరవాలనిపించింది.

అతను వంగి కుర్చీ తీసి నిలబెట్టాడు.

"బోడెన్‌కి చెప్పిన క్షణం నిన్ను బయటికి పంపుతాడు," అన్నాడు. "రూలు అదే. క్యాచర్ ఉండడు. ఇవాళ్టి ఆట పోతుంది. ఇవాళ్టిది పోతే రేపు నేను దేవుడిలా వేసినా ఎవడికి కావాలి? ట్రాస్క్ అరిగిపోయిన భుజం, ఆ షార్ట్‌స్టాప్ పడ్డ తిప్పలు, అంతా బూడిదే. వద్దు."

"అన్నా..."

"సీజన్ అయిపోయాక చెప్పు. పేపర్లో వేయించు, చర్చిలో చెప్పు, చెట్టెక్కి చెప్పు. అప్పటిదాకా నోరు ముయ్యి. నీకు అలవాటేగా."

ఆ చివరి మాట కత్తితో గీసినట్టు తగిలింది. రమీరో బల్ల మీది గుడ్డ వైపు చూశాడు. ఎల్డన్‌కి కూడా తెలిసింది ఆ మాట ఎక్కువైందని. అతని చెయ్యి సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"మీ నాన్నకి?" అన్నాడు రమీరో.

"మా నాన్న డెబ్భై ఏళ్లు వాన కోసం ఎదురుచూసినవాడు. ఇంకో నెల నా కోసం చూస్తాడు." తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వూ వినలేదు, ముసలోడా. నీ మైకు ఎర్ర దీపం వెలిగాక ఈ గదిలో మాట ఒక్కటి బయటికి పోయిందంటే నీ నాలుక కోస్తా."

"నా నాలుక పోతే మీ ఆటలు ఎవడు చెప్తాడు?" అన్నాను. నవ్వించాలని అన్నాను, ఎవరూ నవ్వలేదు.

రమీరో గుడ్డ తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. తల వంచి ఒకసారి ఎల్డన్‌కి చూపించాడు. బంతి ఎలా వేయాలో వేళ్లతో సైగ చేశాక, సరేనా అన్నట్టు మూడేళ్లుగా మైదానంలో వంచుతాడే, ఆ తల వంపు. దానికి ఎల్డన్ ఎప్పుడూ ఒకటే జవాబు ఇస్తాడు, తల ఊపుతాడు లేదా అడ్డంగా తిప్పుతాడు. ఇవాళ అడ్డంగా తిప్పాడు. రమీరో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నోరు మూసుకోవడానికి రమీరో ఒప్పుకున్నాడనే నేననుకున్నాను.

వాన తగ్గింది. పనివాళ్లు పట్టా చుట్టేశారు, తడిచిన చోట పొడి మట్టి చల్లారు. జనం కుర్చీలు తుడుచుకుంటూ వెనక్కి వచ్చారు. బోడెన్ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. స్టేషన్‌లో పోల్కా ఆగింది. నా ముందున్న ఎర్ర దీపం వెలిగింది.

"మార్లో ఫెర్రీ మైదానం నుంచి వెర్న్ హాల్‌స్టెడ్," అన్నాను. "పైలట్స్ ఒక్క పరుగు ముందున్నారు. ట్రాస్క్ ఇంకా బల్ల దగ్గరే ఉన్నాడు, భుజం తిప్పుకుంటున్నాడు. క్యాచర్ ఎస్పినాల్..."

అక్కడ ఆగాను. క్యాచర్ ఎస్పినాల్ ప్లేట్ దగ్గర లేడు. బల్ల ముందు నిలబడి ఉన్నాడు, మా వాళ్లందరికీ ఎదురుగా. ముసుగు నేల మీద ఉంది. చేతిలో ఆ నల్ల గుడ్డ పైకెత్తి పట్టుకున్నాడు. ఏం చెబుతున్నాడో పైనుంచి వినపడదు. వినపడక్కర్లేదు కూడా. గస్ నోట్లో గింజలు నమలడం ఆగిపోయింది. ట్రాస్క్ భుజం తిప్పడం ఆపి రెండు చేతులతో మొహం మూసుకున్నాడు.

నా వెనక మడత కుర్చీ మళ్లీ పడింది. ఎల్డన్ మెట్ల మీద మూడేసి దిగుతున్న చప్పుడు మైకులో కూడా వినపడి ఉంటుంది.

ఏం చెప్పాలి నేను? చూసింది చెప్పడం నా పని. చెప్పొద్దని ఎల్డన్ ఒట్టు వేయించినంత పని చేశాడు. ఈ గదిలో విన్నది చెప్పను, సరే. కానీ మైదానంలో కనపడేది నేను దాచలేను. ఆల్డర్ రోడ్డు చివర వంటింట్లో కూర్చున్న మనిషికి కళ్లు నేనే. ఆయనొక్కడి కోసమే చెబుతున్నట్టు, మెల్లగా, ఒక్కో ముక్క చెప్పడం మొదలుపెట్టాను.

"ఎస్పినాల్ బల్ల దగ్గర్నుంచి బయల్దేరాడు. బ్యాటింగ్‌కి కాదు, ముసుగు లేదు. జిగురు గుడ్డ పట్టుకుని అంపైర్ బోడెన్ వైపు నడుస్తున్నాడు. ఇప్పుడే కింద స్టాండు పక్క గేటు దగ్గరికి ఎల్డన్ హ్రుస్కా పరుగెత్తుకుంటూ వచ్చాడు. గేటుకి ఇవతలే ఉన్నాడు. అరుస్తున్నాడు."

ఆ అరుపు నాదాకా వచ్చింది. "రమీరో! ఆగరా! వెనక్కి పో!"

రమీరో ఆగాడు. సగం దారిలో, తడి గడ్డి మీద. వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లిద్దరి మధ్యా అరవై అడుగులకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, మూడేళ్లుగా రోజూ నిలబడే దూరమే. ఈసారి రమీరో తల అడ్డంగా తిప్పాడు. మళ్లీ బోడెన్ వైపు నడిచాడు.

ఎల్డన్ చెయ్యి గేటు గడియ మీద పడింది. గేటు లోపల తెల్ల సున్నం గీత. ఆ గీత దాటితే రేపు లేదు, ఆ తర్వాతా లేదు. దాటకపోతే రమీరో అక్కడిదాకా ఒక్కడే వెళ్తాడు. అరిచి ఆపలేడు. పట్టుకుని ఆపాలంటే లోపలికి రావాలి.

అప్పుడు బల్ల దగ్గర కదలిక కనపడింది. ముందు ట్రాస్క్ లేచాడు. ఎల్డన్‌ని చూశాడు. మళ్లీ కూర్చున్నాడు, కానీ కొంచెం పక్కకి. అతని పక్కవాడు ఇంకొంచెం జరిగాడు. షార్ట్‌స్టాప్ బ్యాట్లు తీసి కింద పెట్టాడు. గస్ తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరూ పిలవలేదు, చెయ్యి ఊపలేదు. జరిగారు, అంతే. ఈసారి చివర కాదు.

"బల్ల మీద మా వాళ్లు జరిగారు," అన్నాను మైకులో. నా గొంతు నాకే కొత్తగా ఉంది. జలుబనుకుంటారో ఏమనుకుంటారో వాళ్లిష్టం. "మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంది. ట్రాస్క్‌కీ గస్‌కీ మధ్య, ఒక మనిషి పట్టేంత చోటు. ఎల్డన్ అది చూశాడు. అటు ఎస్పినాల్ బోడెన్ దగ్గరికి చేరాడు, గుడ్డ చూపిస్తున్నాడు. ఎల్డన్ అతన్నీ చూశాడు. మిస్టర్ ఎమిల్ హ్రుస్కా, మీరు వింటుంటే చెబుతున్నాను, మీ అబ్బాయి చెయ్యి గడియ మీద ఉంది."

నా పక్కన స్టేషన్ ఫోన్ మోగడం మొదలైంది. నేను తీయలేదు. నా కళ్లు గేటు మీదే ఉన్నాయి.

గడియ పైకి లేచింది.